64 బైట్ల పటం: హార్డ్ డిస్క్ పార్టిషన్ టేబుల్ కథ

కాసిపేట నుంచి మాట్లాడుతున్నా. కాజీపేట కాదు, కాసిపేట. రైల్వే జంక్షన్ ఉన్న కాజీపేట వరంగల్ పక్కన ఉంటది. మాది మంచిర్యాల జిల్లా, బెల్లంపల్లికీ మందమర్రికీ దగ్గర, సింగరేణి బాయిలున్న ఊరు. ఈ తేడా చెప్పీ చెప్పీ నాకు అలవాటైపోయింది. పేరులో ఒక్క అక్షరం మారితే ఉత్తరం వేరే ఊరికి పోతది. ఇవాళ్టి కథ కూడా అలాంటిదే. ఒక చిన్న పట్టికలో కొన్ని అంకెలు మారితే, 11 ఏళ్ల ఫోటోలు ఉండి కూడా లేనట్టే అయిపోయాయి.

మా ఇంట్లో ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. దానికి 4 టెరాబైట్ల ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి ఇంటి సర్వర్‌లా వాడుతున్నా. ఇంట్లో అందరి ఫోన్లలో ఫోటోలూ వీడియోలూ రాత్రిపూట వైఫై మీద దాంట్లోకి వెళ్తాయి. బాపు రిటైర్‌మెంట్ రోజు సన్మానం వీడియో దాంట్లోనే ఉంది. అక్క పెళ్లి ఉంది. అన్నింటికన్నా ముఖ్యం, అమ్మ బతుకమ్మ పాటలు పాడుతుంటే నేను ఫోన్‌లో రికార్డు చేసినవి 14 ఉన్నాయి. అమ్మ పోయి మూడేళ్లయింది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

పోయిన వానాకాలం ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది, మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. తెల్లారి చూస్తే డిస్క్ పెట్టెకు కరెంటు ఇచ్చే అడాప్టర్ కాలిపోయింది. నాకు తొందర ఎక్కువ. పెట్టె విప్పేసి, లోపలి డిస్క్ బయటికి తీసి, నేరుగా డెస్క్‌టాప్‌లో సాటా కేబుల్‌కు తగిలించా. విండోస్‌లో చూస్తే 4 టెరాబైట్ల డిస్క్ మీద 465 జీబీ పార్టిషన్ ఒక్కటే కనబడుతోంది. పైగా, ఫార్మాట్ చేస్తే తప్ప వాడలేవు అంటోంది.

అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. పార్టిషన్ ఏదో చెడిపోయింది, తీసేసి కొత్తది పెడితే లోపలివి కనబడతాయి అనుకున్నా. ఆ 465 జీబీ పార్టిషన్‌ను డిలీట్ చేసి, డిస్క్‌ను జీపీటీ పద్ధతికి మార్చా. ఇప్పుడు మొత్తం డిస్క్ ఖాళీ అని చూపిస్తోంది. అప్పుడు చెమట పట్టింది. పట్నంలో ఒక షాపుకు తీసుకుపోతే డేటా పోయింది, మర్చిపో అన్నారు.

ఇంటికొచ్చి బాపుకు చెప్పా. బాపు సింగరేణి సర్వే సెక్షన్‌లో చైన్‌మన్‌గా చేసి రిటైర్ అయ్యాడు. బాయి లోపల గొలుసు పట్టుకుని కొలతలు తీసే పని. అంతా విని ఒకటే అడిగాడు. "బాయి ప్లాన్ చినిగిపోతే లోపల బొగ్గు పోతదారా?"

పోదు. ఈ ఎపిసోడ్ అంతా ఆ ప్రశ్నకు జవాబే. కానీ అసలు డిస్క్‌లో ఆ ప్లాన్ ఎక్కడుంటది, అంత ముఖ్యమైనదాన్ని అంత తేలిగ్గా చెడిపోయే చోట ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు? దీనికి చరిత్రలోకి పోవాలి.

1956లో ఐబీఎం కంపెనీ రామాక్ అనే యంత్రంతో మొట్టమొదటి హార్డ్ డిస్క్ తెచ్చింది. 24 అంగుళాల వెడల్పున్న పళ్లేలు 50, ఒకదాని మీద ఒకటి. అంతా కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇప్పుడు మీ ఫోన్‌లో ఒక ఎంపీ3 పాట అంత. అంత పెద్ద యంత్రాన్ని ఒక కంపెనీ తన లెక్కల కోసం వాడుకునేది. ఇది నీ భాగం, అది నా భాగం అని గీతలు గీయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

గీతల అవసరం ఇళ్లలోకీ ఆఫీసు బల్లల మీదికీ డిస్క్ వచ్చాక పెరిగింది. 1983 మార్చిలో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ వచ్చింది. దాంట్లో 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్. దాంతోపాటే డాస్ 2.0 వచ్చింది. అప్పట్లో ఒకే కంప్యూటర్ మీద డాస్ ఒకటి, ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి పెట్టుకునేవాళ్లు ఉన్నారు. ఒకరి జాగాలోకి ఇంకొకరు రాకుండా హద్దులు రాయాలి. ఎక్కడ రాయాలి? డిస్క్‌లో మొట్టమొదటి సెక్టర్‌లో రాశారు. సెక్టర్ అంటే డిస్క్‌ను కొలిచే అతి చిన్న గడి అనుకోండి, 512 బైట్లు.

ఆ 512 బైట్లలో మొదటి 446 బైట్లు కంప్యూటర్‌ను లేపే ప్రోగ్రాముకు. చివరి 2 బైట్లు ఇది సరైన సెక్టరే అని చెప్పే ముద్ర. మధ్యలో మిగిలింది 64 బైట్లు. ఒక్కో పార్టిషన్ వివరాలకు 16 బైట్లు. అంటే నాలుగే పార్టిషన్లు. పాత కంప్యూటర్లలో నాలుగుకు మించి ప్రైమరీ పార్టిషన్లు ఎందుకు రావో మీకెప్పుడైనా డౌట్ వస్తే, కారణం ఇంతే. చోటు అయిపోయింది. ఈ మొదటి సెక్టర్‌నే మాస్టర్ బూట్ రికార్డ్, పొట్టిగా ఎంబీఆర్ అంటారు.

ఒక్కో 16 బైట్లలో మనకు ముఖ్యమైనవి రెండు అంకెలు. ఈ పార్టిషన్ ఎన్నో సెక్టర్ దగ్గర మొదలవుతుంది, ఎన్ని సెక్టర్ల పొడవు ఉంటుంది. అంతే. మీ ఫోటోల పేర్లు గానీ, అవి ఎక్కడున్నాయన్న లెక్క గానీ ఇందులో ఉండవు. అవన్నీ పార్టిషన్ లోపల, ఫైల్ సిస్టమ్ అనే వేరే లెక్కలో ఉంటాయి. పార్టిషన్ టేబుల్ ఊరి పొలిమేర రాయి లాంటిది. రాయి పీకేస్తే ఊళ్లో ఇళ్లు కూలవు. కానీ కంప్యూటర్‌కు ఆ రాయి కనబడకపోతే ఊరే లేదనుకుంటది.

1983లో 10 మెగాబైట్ల డిస్క్ పోతే మళ్లీ ఫ్లాపీల నుంచి ఎక్కించుకోవచ్చు. కాబట్టి ఆ 64 బైట్లకు రెండో కాపీ పెట్టాలని ఎవరికీ తట్టలేదు. ఒకటే చోట, ఒకటే కాపీ. దాని ఖరీదు 16 ఏళ్ల తర్వాత ప్రపంచానికి తెలిసింది.

1999 ఏప్రిల్ 26. తైవాన్‌లో చెన్ ఇంగ్-హావ్ అనే కాలేజీ విద్యార్థి రాసిన సీఐహెచ్ వైరస్ ఆ రోజు నిద్ర లేచింది. చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగింది కూడా ఏప్రిల్ 26నే కాబట్టి దానికి చెర్నోబిల్ వైరస్ అనే పేరు కూడా పడింది. విండోస్ 95, 98 ఉన్న కంప్యూటర్లలో అది డిస్క్ మొదటి 1 మెగాబైట్‌ను సున్నాలతో నింపేసింది. కొన్ని కంప్యూటర్లలో మదర్‌బోర్డ్ మీది బయోస్‌ను కూడా చెడగొట్టింది. కొరియా, టర్కీ, బంగ్లాదేశ్, మన దేశం, చాలా చోట్ల ఆ రోజు పొద్దున కంప్యూటర్ ఆన్ చేసినవాళ్లకు డిస్కే లేదన్న మెసేజ్ వచ్చింది.

చాలామంది కొత్తగా ఫార్మాట్ చేసేసుకున్నారు. కానీ కొంతమంది ప్రోగ్రామర్లు ఆగి ఆలోచించారు. పోయింది మొదటి 1 మెగాబైట్. మిగతా డిస్క్ అంతా అట్లాగే ఉంది కదా? అప్పటి డిస్కుల్లో ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్ ఉండేది. ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టికను అది రెండు కాపీలుగా రాసుకునేది. పెద్ద డిస్కుల్లో వాడే ఫ్యాట్32లో మొదటి కాపీయే సాధారణంగా 1 మెగాబైట్ దాటి ఉండేది, కాబట్టి రెండో కాపీ వైరస్‌కు అందలేదు. దాన్ని పట్టుకుని హద్దులు లెక్కగట్టి, పార్టిషన్ టేబుల్‌ను మళ్లీ రాసే చిన్న ప్రోగ్రాములు వచ్చాయి. అమెరికాలో స్టీవ్ గిబ్సన్ రాసి ఉచితంగా ఇచ్చింది అలాంటిదే. పాత ఫ్యాట్16 వాడినవాళ్లకు ఆ అదృష్టం లేదు. దాంట్లో పట్టికలు చిన్నవి, రెండు కాపీలూ మొదటి మెగాబైట్‌లోనే ఉండి రెండూ పోయాయి.

ఇక్కడ ఒక పాఠం ఉంది. రెండో కాపీ ఉండటం ఒక్కటే సరిపోదు. మొదటి కాపీకి వచ్చిన ప్రమాదం దానికి రానంత దూరంలో ఉండాలి.

ఇది బాపుకు చెప్తుంటే తల ఊపి, బాయిల సంగతి ఎత్తాడు. మూసేసిన పాత బాయిల్లో నీళ్లు నిండి ఉంటాయి. కొత్త బాయిలో తవ్వుతూ తవ్వుతూ దాంట్లోకి బొక్క పడితే ఇక చెప్పేదేముంది. అందుకే మన దేశంలో బొగ్గు గనుల నిబంధనల ప్రకారం, నీళ్లుండొచ్చని అనుమానమున్న పాత పనులకు 60 మీటర్ల దగ్గరికి వచ్చాక అనుమతి లేకుండా ముందుకు పోవద్దు. బాయి మూసేస్తే దాని ప్లాన్ గనుల భద్రత శాఖకు పంపాలి. కంపెనీ దగ్గరొకటి, బయట ఇంకొకటి. నీళ్లంటే మా కోల్‌బెల్ట్‌లో ఎందుకంత భయమో చెప్పక్కర్లేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు.

దానికి ముందు ఏడాది, 2002 జులైలో, అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్యూక్రీక్ గనిలో 9 మంది పక్కనున్న పాత గనిలోకి తవ్వేశారు. వాళ్ల దగ్గరున్న ప్లాన్ ప్రకారం ఆ పాత గని ఇంకా దూరంలో ఉంది. నీళ్లు ముంచెత్తాయి. 77 గంటల తర్వాత పైనుంచి రంధ్రం వేసి తొమ్మిది మందినీ ప్రాణాలతో తీశారు. పాత గని చివరి ప్లాన్ తర్వాత ఒక బొగ్గు మ్యూజియం సేకరణలో దొరికింది. కాపీ ఉంది, కావాల్సిన చోట లేదు. మనుషుల ప్రాణాలతో నా డిస్క్‌ను పోల్చట్లేదు, ఫ్రెండ్స్. పటానికి ఎంత విలువుంటదో బాపు లాంటివాళ్లు ఎప్పుడో నేర్చుకున్నారని చెప్తున్నా, అంతే.

మళ్లీ డిస్క్‌లోకి వద్దాం. ఎంబీఆర్‌కు ఇంకో గోడ అడ్డమొచ్చింది. సెక్టర్ నెంబరు రాయడానికి ఇచ్చింది 4 బైట్లు. దాంట్లో రాయగలిగే పెద్ద అంకె సుమారు 429 కోట్లు. దాన్ని 512 బైట్లతో గుణిస్తే సుమారు 2.2 టెరాబైట్లు. అంతకుమించిన జాగా ఆ పటంలో పట్టదు. 10 మెగాబైట్ల రోజుల్లో ఇది ఎవరికీ అందనంత దూరం. కానీ 2010లో 3 టెరాబైట్ల డిస్కులు షాపుల్లోకి వచ్చేశాయి.

దీనికి అసలు పరిష్కారం అప్పటికే తయారుగా ఉంది. ఇంటెల్ కంపెనీ ఇటానియం కంప్యూటర్ల కోసం మొదలుపెట్టిన పనిలో జీపీటీ అనే కొత్త పద్ధతి పుట్టింది. 64 బైట్ల బదులు మామూలుగా 128 పార్టిషన్లకు చోటు, ఒక్కోదానికి 128 బైట్లు. సెక్టర్ నెంబరుకు 4 బైట్ల బదులు 8 బైట్లు. పట్టికలో ఒక్క బైటు చెడినా పట్టేసే చెక్‌సమ్. అన్నింటికన్నా మంచి పని, డిస్క్ మొదట్లో ఒక కాపీ, డిస్క్ చిట్టచివర ఇంకో కాపీ. సీఐహెచ్ లాంటిది మొదటి మెగాబైట్ తుడిచేసినా చివరి కాపీ నుంచి తిరిగి రాసుకోవచ్చు. ఇప్పటి చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల కూడా ఈ జీపీటీయే ఉంది.

కానీ అప్పట్లో విండోస్ ఎక్స్‌పీ వాడేవాళ్లు ఇంకా చాలామంది ఉండేవాళ్లు. మామూలు 32 బిట్ ఎక్స్‌పీకి జీపీటీ తెలియదు. అందుకని కొన్ని ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టెల్లో ఒక ఉపాయం చేశారు. పెట్టెలోని చిన్న సర్క్యూట్ కంప్యూటర్‌తో, నా సెక్టర్ 512 బైట్లది కాదు, 4096 బైట్లది అని చెప్తుంది. అదే 429 కోట్లను 4096తో గుణిస్తే 17 టెరాబైట్లు దాటుతుంది. పాత ఎంబీఆర్‌తోనే పెద్ద డిస్క్ నడిచిపోతుంది.

నా పెట్టె సరిగ్గా అదే రకం. ఇది తెలిసిన రోజు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. పెట్టెలో ఉన్నప్పుడు పటంలో అంకెలు 4096 లెక్కన రాశారు. నేను డిస్క్ బయటికి తీసి నేరుగా తగిలించేసరికి కంప్యూటర్ అవే అంకెలను 512 లెక్కన చదివింది. 4096లో 512 ఎనిమిదో వంతు. 3726 జీబీని ఎనిమిదితో భాగించండి. 465. నాకు కనబడిన పార్టిషన్ సైజు అదే! పటం చెడిపోలేదు. చదివే కొలత మారింది.

బాపుకు ఇది చెప్పగానే అర్థమైంది, నాకు పట్టినంత టైం పట్టలేదు. సర్వేలో 66 అడుగుల గొలుసు ఒకటుంటది, 100 అడుగుల గొలుసు ఒకటుంటది. రెండింట్లోనూ 100 లంకెలే. "ఏ గొలుసుతోని కొలిచినవో రాయకుంటే ఆ పుస్తకం ఎందుకు పనికొస్తదిరా" అన్నాడు.

సరే, మరి నేను చెడగొట్టింది ఎంత? జీపీటీకి మార్చినప్పుడు డిస్క్ మొదట్లో 17 కిలోబైట్లు, చివర ఇంకో 17 కిలోబైట్ల లోపు, కొత్త పట్టికలు రాసుకున్నాయి. నా అసలు పార్టిషన్ మొదలయ్యేది 1 మెగాబైట్ దగ్గర. అంటే అమ్మ పాటల మీద ఒక్క బైటు కూడా పడలేదు. ఆ రోజు ఫార్మాట్ నొక్కి, కొత్త ఫైళ్లు ఎక్కించి ఉంటే ఈ ఎపిసోడ్ ఉండేది కాదు. ఇంకో సంగతి గమనించండి. జీపీటీకి రెండు కాపీలున్నా నాలాంటివాడి చేతి నుంచి కాపాడలేవు. సాఫ్ట్‌వేర్‌కు మార్చు అని మనమే చెప్తే రెండు చివరలా బుద్ధిగా కొత్తది రాసేస్తది.

బాగుచేసిన పద్ధతి చెప్తా. మొదట, డిస్క్ మీద ఇంకేమీ రాయకుండా పక్కన పెట్టేశా. పాత పెట్టెకు సరిపోయే 12 వోల్టుల అడాప్టర్ తెప్పించా. ఫోటో స్టూడియో నడిపే దోస్తు దగ్గర 4 టెరాబైట్ల ఖాళీ డిస్క్ అడిగి తెచ్చుకున్నా. పెన్ డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి, డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో మొత్తం డిస్క్‌ను మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా ఆ డిస్క్‌లోకి కాపీ తీశా. ఇక్కడ ఏ డిస్క్ నుంచి ఏ డిస్క్‌లోకి అన్నది తారుమారైతే అంతా ఖతం. అందుకని రెండింటి సీరియల్ నెంబర్లు కాగితం మీద రాసుకుని, అక్కతో ఇంకోసారి చదివించి, అప్పుడు ఎంటర్ నొక్కా. వాన పడుతోంది. కరెంటు పోతే ఎట్లా అని పక్కింటి ఇన్వర్టర్ నుంచి వైరు లాగాం. రాత్రంతా నడిచింది. బాపు కూడా పడుకోలేదు.

మామూలుగా అయితే కాపీ మీదే పని చేయాలి. నా కేసులో ఆ 4096 కొలత పాత పెట్టె దగ్గరే ఉంది కాబట్టి, కాపీని బీరువాలో పెట్టి, అసలు డిస్క్‌ను పాత పెట్టెలో బిగించా. ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టోఫ్ గ్రెనియర్ రాసిన టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రాం నడిపా. అది చేసే పని సింపుల్. పటం లేకుండానే డిస్క్ అంతా నడుచుకుంటూ పోయి, ఇక్కడ ఫైల్ సిస్టమ్ మొదలైన గుర్తు ఉందా అని వెతుకుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే మొదటి సెక్టర్‌లో దాని పేరూ, సైజూ రాసి ఉంటాయి. పార్టిషన్ చివర ఆ సెక్టర్‌కు ఇంకో కాపీ కూడా ఉంటుంది. సీఐహెచ్ రోజుల్లో వాళ్లు చేసిందీ ఇదే, పొలిమేర రాయి పోతే ఇళ్లను చూసి ఊరిని గుర్తుపట్టడం.

ఒక ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్ దొరికింది. సైజు సరిపోయింది. వెంటనే రాయలేదు. ముందు దాని లోపలి ఫైళ్ల లిస్టు తెరిచి చూశా. ఫోల్డర్ల పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. "అమ్మ" అనే ఫోల్డర్ కనబడ్డాక, అప్పుడు పటం రాయమని చెప్పా. కంప్యూటర్ రీస్టార్ట్ చేశాక బాపును పిలిచి ఒక పాట పెట్టా. బాపు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని విన్నాడు. అయిపోయాక ఇంకోటి పెట్టమన్నాడు. 14 పాటలూ విన్నాం.

ఈ పద్ధతి అన్నిచోట్లా పనిచేయదు, అది కూడా చెప్పాలి. డిస్క్ లోపలి నుంచి టక టక చప్పుడొస్తే అది పటం సమస్య కాదు, డిస్కే పోతోంది. వెంటనే ఆపేయాలి. ఎస్‌ఎస్‌డీలో ఫార్మాట్ చేస్తే ట్రిమ్ అనే పని వల్ల లోపలి డేటా నిజంగానే చెరిగిపోవచ్చు. కొత్త ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటది కాబట్టి రీసెట్ చేశాక పటం వెతికి లాభం లేదు. అక్కడ బ్యాకప్ ఒక్కటే దారి. అమ్మ పాటలు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి, అందులో ఒకటి అక్క వాళ్లింట్లో.

చివరగా ఒక చిన్న పని. ఇంట్లో హార్డ్ డిస్క్ ఉన్నవాళ్లు ఇవాళే చేయండి. డిస్క్ బాగున్నప్పుడే దాని పార్టిషన్ వివరాలు తెరవండి. ఎంబీఆరా జీపీటీయా, సెక్టర్ ఎన్ని బైట్లు, ఒక్కో పార్టిషన్ ఎక్కడ మొదలు, ఎంత పొడవు. ఆ స్క్రీన్‌ను ఫోన్‌తో ఒక ఫోటో తీసి, ఇంట్లో ఇంకొకరికి వాట్సాప్‌లో పంపండి. 64 బైట్ల పటానికి 1983లో ఎవరూ పెట్టని రెండో కాపీ అదే. మా డిస్క్ పెట్టె మీద మాత్రం బాపు తన చేత్తో ఒక కాగితం రాసి అంటించాడు. "కొలత 4096. పెట్టె విప్పొద్దు."

ఉంటా మరి. మీ ఇంట్లో డిస్క్ ఇట్లా పోయి దొరికిన కథ ఉంటే కింద రాయండి, చదువుతా.